మా నంద్యాల ఎంపీ, ఆరో లోక్‌సభ

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెట్టి పిండుతుంటే హాల్లోంచి టీవీ గోల. నిన్న లోక్‌సభలో జరిగిన గొడవనే తిప్పి తిప్పి వేస్తున్నారు. మామయ్యకి విసుగొచ్చి సౌండ్ తగ్గించేశారు. "మేం మొదటిసారి ఓటేసి పంపిన సభలో స్పీకర్ లేచి నిలబడితే చాలు, అందరూ కూర్చునేవాళ్ళమ్మా" అన్నారు.

ఆయన మొదటి ఓటు 1977 మార్చిలో, నంద్యాల నియోజకవర్గంలో. అప్పట్లో ఓటుహక్కు 21 ఏళ్ళకి. బ్యాలెట్ పేపర్ మీద కాంగ్రెస్‌ది ఆవూ దూడా, జనతా వాళ్ళది చక్రంలో నాగలి భుజానేసుకున్న రైతు. మామయ్య రైతు మీద ముద్ర గుద్దారట. కాగితం మడిచేటప్పుడు ఇంకు పక్క గుర్తుకి అంటుకుంటుందేమోనని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ నిలబడితే, వెనక ఉన్నవాళ్ళు తొందర చేశారట. ఆ ఊదడం కూడా చేసి చూపించారు. నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా.

అలా గెలిచినాయన నీలం సంజీవరెడ్డి. మన రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే. జనతాకి దక్కింది ఒక్కటే, అది నంద్యాల. ఉత్తరాదిన ఇందుకు పూర్తిగా తలకిందులు. ఉత్తరప్రదేశ్‌లో 85, బీహార్‌లో 54 ఉంటే కాంగ్రెస్‌కి ఒక్క సీటూ రాలేదు. ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు. ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ అక్కడ తగిలినంతగా ఇక్కడ తగల్లేదు, తేడా అక్కడే వచ్చిందంటారు మామయ్య. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఆ సభకి గెలిచి వెళ్ళిన ఆడవాళ్ళు మాత్రం 19 మందే. అంత తక్కువమంది మరే లోక్‌సభలోనూ లేరు. ఎమర్జెన్సీ మీద గెలిచిన సభ అని ఎంత చెప్పుకున్నా, ఈ సంఖ్య దగ్గరికొచ్చేసరికి నాకు మనసొప్పదు.

మార్చి 26న సంజీవరెడ్డి స్పీకర్ అయ్యారు. ఆయనకది కొత్త కుర్చీ కాదు. 1967లో మొదటిసారి స్పీకర్ అయినప్పుడు పార్టీ సభ్యత్వానికే రాజీనామా చేసిన మనిషి. 1969లో రాష్ట్రపతి ఎన్నికకోసం ఆ పదవి వదులుకుని, వి.వి.గిరి చేతిలో ఓడి, అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. మళ్ళీ అదే కుర్చీ! డిప్యూటీ స్పీకర్ గోడే మురహరి విజయవాడ నుంచి గెలిచిన కాంగ్రెస్ ఎంపీ. అంటే ఇద్దరూ మన రాష్ట్రం నుంచి వెళ్ళినవాళ్ళే, ఒకరు అధికారపక్షం, ఒకరు ప్రతిపక్షం. 2019లో వచ్చిన 17వ లోక్‌సభ ఐదేళ్ళూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిపోయింది. ప్రతిపక్షానికి ఆ కుర్చీ ఇవ్వడం అప్పుడు సాధ్యమైంది కదా, ఇప్పుడెందుకు కాదని నా కోపం.

నాలుగు నెలలైనా నిండకముందే, జూలై 13న సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలేశారు. ఈసారి రాష్ట్రపతిగా ఏకగ్రీవం. ఆయన స్థానంలోకి కె.ఎస్.హెగ్డే వచ్చారు. 1973లో తనని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే సుప్రీంకోర్టు జడ్జి పదవినే వదిలేసిన పెద్దమనిషి. ఇలాంటివాళ్ళు స్పీకర్లయిన సభ అది.

ఉగ్గాని ప్లేట్లో పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చాను. అప్పుడు మొదలైంది అసలు వాదన.

1979 జూలైలో ప్రతిపక్ష నాయకుడు వై.బి.చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. జనతా చీలింది. ఓటింగ్ దాకా రాకముందే మొరార్జీ దేశాయ్ దిగిపోయారు. చరణ్ సింగ్ ప్రధాని, చవాన్ ఉపప్రధాని. మొరార్జీ దగ్గర ఉపప్రధానిగా ఉన్న జగ్జీవన్ రామ్ ప్రతిపక్ష నాయకుడు. నెల తిరక్కుండా కుర్చీలు తారుమారు. ఇందిర మద్దతు ఇవ్వనని తేల్చేసరికి చరణ్ సింగ్ ఒక్కరోజు కూడా సభకి ఎదురు నిలవకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, సభని రద్దు చేయమన్నారు. ఆగస్టు 22న రద్దు చేసింది ఎవరు? ఆ సభకే మొదట స్పీకర్‌గా ఉన్న మా నంద్యాల ఎంపీ.

"జగ్జీవన్ రామ్‌కి అవకాశం ఇచ్చి ఉండాల్సింది మామయ్యా" అన్నాను. "ఆయన నాకు బలముంది అన్నాడు. ఉందో లేదో సభలో తేలేది. తేలి ఉంటే దేశానికి మొదటి దళిత ప్రధాని అప్పుడే వచ్చేవాడేమో."

"ఎవరికీ లెక్క కుదర్లేదమ్మా. రోజుకొకడు అటూ ఇటూ దూకుతుంటే ఎవర్ని నమ్మాల? మళ్ళీ జనం దగ్గరికి పోండి అన్నాడు. తప్పేముంది?"

"బలం లెక్క తేల్చాల్సింది సభ కదా. రాష్ట్రపతి భవన్లో తేల్చేస్తే ఎట్లా? స్పీకర్‌గా చేసినాయనకి ఆ సంగతి అందరికంటే ఎక్కువ తెలియాలి."

మామయ్య బజ్జీ తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీ మాట తీసేసేదేం కాదులే" అన్నారు. ఆయన నోట సంజీవరెడ్డి గురించి అంతకుమించి రాదు, నాకు తెలుసు. నేనూ పొడిగించలేదు.

ఆరో లోక్‌సభ బతికింది రెండేళ్ళ అయిదు నెలలే. ఎమర్జెన్సీలో ఆరేళ్ళు చేసుకున్న సభ కాలాన్ని మళ్ళీ అయిదుకి తగ్గించింది ఆ సభే, 44వ సవరణతో. ఆ అయిదేళ్ళూ మాత్రం దానికి దక్కలేదు. హనుమకొండ నుంచి అప్పుడే మొదటిసారి ఎంపీ అయిన పి.వి.నరసింహారావు ప్రతిపక్షంలో కూర్చుని ఇదంతా చూశారు. ఆయన దాని గురించి ఎక్కడైనా రాశారేమో, సోమవారం మా బ్రాంచి ఎదురుగా ఉన్న లైబ్రరీలో వెతకాలి.