మా పాప జూడో, నా కుట్టుమిషన్

మాది అనంతపురం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి "అమ్మా, నేను జూడో నేర్చుకుంటా" అంది. ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే స్పోర్ట్స్ విలేజ్ ఉన్న ఊరు కదా, జూడో అంటే ఎదుటివాళ్లను పట్టుకుని కింద పడేసే ఆటని మాకు తెలుసు. అయినా మా అత్త ఒప్పుకోలేదు. "చెయ్యో కాలో విరిగితే రేపు ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా భయం పెళ్లి గురించి కాదు, మెడ గురించి.

అందుకే చేర్చేముందు వారం రోజులు మ్యాట్ పక్కన కూర్చుని చూశాను. కొత్త పిల్లలకు ముందు నేర్పేది పడటం. గడ్డం గుండెకు ఆనించి, తల నేలకు తగలకుండా, అరచేతితో మ్యాట్‌ను ఫట్‌మని చరుస్తూ పడాలి. వెనక్కి, పక్కకి, మళ్లీ వెనక్కి. మొదటిరోజు ఆ చప్పుడుకు నా గుండె జారిపోయింది. పోనుపోను అర్థమైంది, ఆ చరుపు గట్టిగా వినబడిందంటే దెబ్బను చెయ్యి తీసుకుందని. పట్టు బిగిస్తే, అందులో చిక్కిన పిల్ల ఎదుటి పిల్లను రెండుసార్లు తట్టాలి, తట్టగానే ఆ పిల్ల పట్టు వదలాలి. వదలని పిల్లను సార్ ఆ రోజంతా పక్కన కూర్చోబెట్టాడు. అది చూసి మా పాపను చేర్చాను.

డ్రెస్సు వచ్చిన రోజు చేతులు పొడుగనిపించి కత్తెర తీశాను. అదేం గుడ్డ! బియ్యపు గింజలు పేర్చినట్టు నేత, మెడపట్టీ నా వేలంత మందం. పట్టీ మీద ఒక కుట్టు వేసి చూద్దామంటే సూది విరిగింది. ఫోన్ చేస్తే సార్, "కత్తిరించొద్దమ్మా, రెండు ఉతుకులకు దగ్గరపడుతుంది. చెయ్యి చాపితే మణికట్టు దాకా రావాలి, పొట్టిగా ఉంటే పోటీలో ఒప్పుకోరు" అన్నాడు. ఉతికాక సరిగ్గా మణికట్టుకే వచ్చింది.

పోటీలకు ఇచ్చే కాగితాల దగ్గర తిప్పలు పడ్డాం. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం. పోటీ తేదీ వచ్చేదాకా ఆగకుండా ముందే సరిచేయించుకోండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది బరువు. పదో తరగతిలో అండర్-17 పోటీలకు 44 కిలోల విభాగంలో పేరివ్వాలనుకుంది. తూకం చూస్తే 45 దాటింది. ఆ రాత్రి సంగటి ముద్ద పళ్లెంలో అట్లే ఉంది. పొద్దున నీళ్లు కూడా ముట్టలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్, ఫైనల్ రోజు 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీకే దూరమైంది. రాత్రంతా బరువు తగ్గించుకోవడానికి ఆమె పడిన అవస్థ దేశమంతా విన్నది. అంత పెద్ద మల్లయోధురాలికే అట్లయితే, ఎదిగే పిల్ల నోరు కట్టుకోవడమేంది? నేరుగా సార్ దగ్గరికి పోయి "48లో ఆడించండి, ఓడినా పరవాలేదు" అన్నాను. ఆయనా అదే మేలన్నాడు. పాప మూడు రోజులు నా మీద అలిగింది. అలిగినా చెనిక్కాయలూ బెల్లమూ తిన్నది, అది చాలు నాకు.

మొదటి ఆట గెలిచింది. రెండో ఆటలో తనకన్నా బలమైన పిల్ల కింద పడేసి అదిమిపట్టింది. ఇరవై సెకన్లు కదలనీకుండా పట్టుకుంటే ఇప్పోన్, ఆట అయిపోయినట్టే. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టాను. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. బయటికొచ్చి, "ఎట్లా తప్పించుకోవాలో తెలుసమ్మా, నడుము తిప్పడం ఆలస్యమైంది" అంది. ఏడవలేదు.

ఆ రాత్రి ఇంట్లో బొంత పరిచి, తమ్ముడిని పిలిచి, "నన్ను అదిమి పట్టుకోరా, అవ్వా నువ్వు లెక్కపెట్టు" అంది. మా అత్త మంచం మీది నుంచే గట్టిగా లెక్కపెట్టింది. పదకొండు దగ్గర పాప బయటపడింది.