అర సెకను ఆగమంటే ఆగని ప్రోగ్రామ్

మా బాబాయికి ఇందుకూరుపేట మండలంలో రెండు రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట కరెంటు పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎటూ తక్కువే, ఆ వేళలో కాపలా మనిషి కన్ను మూతపడితే జనరేటర్ వేసే దిక్కుండదు. కరెంటు పోగానే మోగే అలారం చేసిస్తానని మాటిచ్చాను. బ్యాటరీ మీద నడిచే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక బజర్, సీ భాషలో చిన్న ప్రోగ్రామ్.

బజర్ అర సెకను మోగాలి, అర సెకను ఆగాలి. ఒకే తీరుగా మోగితే నిద్రలో ఉన్నవాడికి అది మోటారు మోతలో కలిసిపోతుంది. ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపి ఉంచే స్లీప్ ఫంక్షన్‌కి 0.5 ఇచ్చి, గుంట దగ్గర షెడ్డులో మెయిన్ ఆపి చూశాం. బజర్ సన్నగా, ఆగకుండా గీపెట్టింది.

"ఏందిరా అబ్బయా, దోమ మాదిరి అరస్తా ఉండాది?" అన్నాడు బాబాయి.

వైరింగ్ మీద అనుమానంతో రెండు గంటలు పోయాయి. బజర్ కూడా మార్చాను. చివరికి బోర్డు మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. అంటే ప్రోగ్రామ్ ఎక్కడా ఆగకుండా తిరుగుతోందన్నమాట. అప్పుడు మాన్యువల్ తీశాను. స్లీప్ తీసుకునేది పూర్ణాంకం, అదీ సెకన్లలో. 0.5 ఇస్తే దశాంశ భాగం తెగిపోయి సున్నా మిగులుతుంది. సీ భాషలో ఇది తప్పు కాదు కాబట్టి ప్రోగ్రామ్‌ని యంత్రభాషలోకి మార్చే నా జీసీసీ కంపైలర్ నోరెత్తలేదు. ఇలా విలువ మారిపోయే చోట హెచ్చరించే కన్వర్షన్ వార్నింగ్ ఆప్షన్ పెట్టి ఉంటే మొదట్లోనే చెప్పేది. ఇప్పుడు అది లేకుండా నేను ఏదీ కంపైల్ చేయను.

మైక్రోసెకన్లలో (సెకనులో పది లక్షల వంతు) లెక్క తీసుకునే యూస్లీప్ అనే ఫంక్షన్‌కి 5,00,000 మైక్రోసెకన్లు ఇస్తే చక్కగా మోగింది. అక్కడితో వదిలేయొచ్చు. కానీ యునిక్స్ తరహా సిస్టమ్‌లు పాటించే పోసిక్స్ ప్రమాణం 2008 కూర్పులో దాన్ని తీసేశారని చదివాక, ఏళ్ల తరబడి నడవాల్సిన అలారంలో దాన్ని ఉంచబుద్ధి కాలేదు. అలాంటి పనే చేసే నానోస్లీప్‌కి మారాను.

దీనికి సెకన్లు ఒక గడిలో, నానోసెకన్లు ఇంకో గడిలో ఇవ్వాలి. అర సెకనంటే 50 కోట్ల నానోసెకన్లు. ఒకసారి ఒకటిన్నర సెకను కోసం రెండో గడిలోనే 150 కోట్లు వేశాను. అది తప్పు జరిగిందన్న గుర్తుగా మైనస్ ఒకటి ఇచ్చి, ఆగకుండా వెంటనే తిరిగొచ్చేసింది. ఆ గడిలో 100 కోట్ల లోపే ఉండాలి, నిండు సెకను మొదటి గడిలోకి పోవాలి. పేరులో నానో ఉన్నా అంత కచ్చితంగా లేపుతుందనుకోకూడదు. అడిగినదానికంటే కాస్త ఆలస్యం కావచ్చు. బజర్‌కి అది లెక్కలోకి రాదు.

నన్ను బాగా తిప్పలు పెట్టింది సిగ్నల్. సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో తట్టే సందేశం. నిమిషానికోసారి లాగ్ (జరిగినదాని రికార్డు) రాయడానికి టైమర్ సిగ్నల్ పెట్టుకున్నాను. అది వచ్చినప్పుడల్లా నిద్ర మధ్యలో తెగి, ఒక కూత పొట్టిదైపోయేది. నానోస్లీప్ అలా తెగినప్పుడు ఇంకా ఎంతసేపు మిగిలిందో చెబుతుంది. ఆ మిగిలింది మళ్లీ దానికే ఇస్తూ, పూర్తయ్యేదాకా ఒక లూప్‌లో పెట్టాను. లయ కుదిరింది.

మర్నాడు రాత్రి మళ్లీ మెయిన్ ఆపాను. బాబాయి రెండో గుంట గట్టు చివరికి వెళ్లి నిలబడ్డాడు. నాలుగో కూతకే టార్చి ఊపాడు.