తొలినాళ్ల డబుల్స్ పట్టిక: 1899 దాకా వచ్చాం

తొలినాళ్ల ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఏ ఏడాది ఎవరు ఎక్కువ డబుల్స్ కొట్టారో రాసుకుంటున్న పట్టిక 1899 దాకా వచ్చింది. కొట్టిన దెబ్బకే బ్యాటర్ రెండో బేస్ (పరుగు దారిలోని రెండో మజిలీ) చేరితే డబుల్. ఫీల్డర్ తప్పు వల్ల చేరితే లెక్కలోకి రాదు.

ఏడాదికి, లీగుకి ఒక వరుస. పేరు, జట్టు, మ్యాచ్‌లు, డబుల్స్, వంద మ్యాచ్‌లకు ఎన్ని, ఆపైన మైదానం, నిబంధనలు రాసుకునే గడి. అసలు కథంతా ఈ చివరి గడిలోనే ఉంది.

1876లో నేషనల్ లీగ్ మొదలైనప్పుడు చికాగో ఆటగాడు రాస్ బార్న్స్ కొట్టినవి 21. ఫిలడెల్ఫియాకి ఆడిన ఎడ్ డెలహాంటీ 1899లో 55 కొట్టాడు. చూడ్డానికి ఎంతో తేడా! కానీ బార్న్స్ ఆడింది 66 మ్యాచ్‌లే, డెలహాంటీ 146. వందకు లెక్కేస్తే 32, 38. పైగా బార్న్స్ కాలంలో బంతి ముందు గీత లోపల పడి, తర్వాత బయటికి దొర్లిపోయినా చెల్లేది. ఆ దెబ్బలో అతను ఆరితేరినవాడు. 1877లో ఆ నిబంధన మార్చేశారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టింది 1883. చికాగో జట్టు నెడ్ విలియమ్సన్ 98 మ్యాచ్‌ల్లో 49 కొట్టాడు, అంటే వందకు సరిగ్గా 50. వాళ్ల లేక్ ఫ్రంట్ పార్క్‌లో ఎడమవైపు కంచె సుమారు 180 అడుగులే, 55 మీటర్లు. అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీకి కనీస దూరమే 59 మీటర్లు! ఆ ఏడాది కంచె దాటిన బంతికి డబుల్ ఇచ్చారు. 1884లో అదే దెబ్బను హోమ్‌రన్‌గా, అంటే బేస్‌లన్నీ చుట్టి వచ్చే దెబ్బగా లెక్కించారు. విలియమ్సన్ డబుల్స్ 18కి పడిపోయాయి, హోమ్‌రన్లు 2 నుంచి 27కి ఎగిశాయి. 1919లో బేబ్ రూత్ 29 కొట్టేదాకా ఆ 27 రికార్డే. 49ని పట్టికలోంచి తీసేయలేదు, గడికి పసుపు రంగు వేశాను. నిబంధన ప్రకారం కొట్టినవాడి అంకెను తగ్గించే హక్కు మనకి లేదు.

నా మనసు మాత్రం టిప్ ఓనీల్ మీదే. 1887లో అప్పటి మరో లీగు అమెరికన్ అసోసియేషన్‌లో సెయింట్ లూయిస్‌కి ఆడుతూ 124 మ్యాచ్‌ల్లో 52 డబుల్స్. యాభై దాటిన మొదటివాడు. అదే ఏడు 14 హోమ్‌రన్లతో లీగులో అతనే ముందు, 19 ట్రిపుల్స్‌తో (మూడో బేస్ దాకా చేర్చిన దెబ్బలు) ఇంకొందరితో కలిసి ముందు. ఆ ఒక్క ఏడాదీ స్ట్రైకుల (బ్యాటర్ తప్పిన, లేదా వదిలేసిన సరైన బంతులు) మీద అవుట్ కావాలంటే మూడు కాదు, నాలుగు పడాలి, అదీ గడిలో రాశాను.

కెరీర్ మొత్తాలకు వేరే షీట్ తెరిచాను. క్యాప్ ఆన్సన్‌కి రెండు గడులు తప్పలేదు: నేషనల్ లీగ్‌కి ముందున్న 1871-75 నాటి నేషనల్ అసోసియేషన్‌ని కలిపితే 580 దాటుతాయి, కలపకపోతే 530 లోపే.

ఇక 1901. క్లీవ్‌లాండ్‌కి వెళ్లకముందు నాప్ లజోయి ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కి 48 కొట్టిన ఏడాది. అప్పటికి నేషనల్ లీగ్‌లో ఫౌల్‌ని (గీత బయటికి పోయిన దెబ్బ) స్ట్రైక్‌గా లెక్కించడం మొదలైంది, అతను ఆడిన అమెరికన్ లీగ్‌లో 1903 దాకా రాలేదు. అందుకే రెండు లీగులకూ చివరి గడి విడివిడిగా నింపుతున్నాను.