కారుకి రిమోట్ స్టార్టర్ బిగింపు: పని ఎంతవరకు వచ్చిందంటే

రిమోట్ స్టార్టర్ అంటే దూరం నుంచే బటన్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేసే కిట్. బండి తాళం తిప్పి స్టార్ట్ చేసే పెట్రోల్ ఆటోమేటిక్. తాళంలో చిప్ ఉంది కాబట్టి ఇమ్మొబిలైజర్ (సరైన చిప్ కనపడకపోతే ఇంజన్‌ని నడవనివ్వని ఏర్పాటు) సంగతి కూడా చూసుకోవాలి. కిట్‌లో వచ్చినవి: ప్రధాన మాడ్యూల్, లావు వైర్ల హార్నెస్, యాంటెనా, బానెట్ పిన్ స్విచ్, రిమోట్లు. విడిగా కావలసినవి: బైపాస్ మాడ్యూల్ (రిమోట్‌తో స్టార్ట్ చేసినప్పుడు ఇమ్మొబిలైజర్‌ని దాటించేది), డిజిటల్ మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, గుడ్డ టేపు, జిప్ టైలు. మాన్యువల్ గేర్ల బండికి ఇదే పద్ధతి పనికిరాదు. గేరులో వదిలేసిన బండికి దూరం నుంచి సెల్ఫ్ కొడితే అది కదిలిపోతుంది. న్యూట్రల్‌లో ఉందని తేలితేనే స్టార్ట్ చేసే కిట్లు వాటికి వేరే ఉంటాయి.

వైర్లు గుర్తించడం: పూర్తయింది

అసలు పనంతా ఇక్కడే. స్టీరింగ్ కింద ప్యానెల్ ఊడదీస్తే ఇగ్నిషన్ స్విచ్ కనెక్టర్ అందుతుంది. పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగులో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకూడదు. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ పక్కన పెట్టేయాలి. అది లాగే కరెంటుకి కంప్యూటర్ లైన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీటరు నల్ల ప్రోబ్ బాడీ లోహానికి, ఎర్ర ప్రోబ్ వైరుకి పెట్టి, తాళాన్ని ఆఫ్ నుంచి స్టార్ట్ దాకా ఒక్కో స్థానంలో ఆపి చూడాలి. అన్ని స్థానాల్లోనూ 12 వోల్టులు ఉంటే బ్యాటరీ వైరు. ఆన్‌లో వచ్చి, సెల్ఫ్ కొడుతున్నప్పుడూ నిలిస్తే ఇగ్నిషన్. యాక్సెసరీ స్థానంలోనే వచ్చి, సెల్ఫ్ కొట్టగానే సున్నాకి పడితే యాక్సెసరీ. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే వస్తే స్టార్టర్ వైరు. ఇవి కాక ఆన్‌లో వచ్చి సెల్ఫ్ సమయంలో పోయేది ఇంకొకటి దొరికింది. ఏసీ బ్లోయర్ దీని మీదే ఉంది. దీన్ని వదిలేస్తే ఇంజన్ నడుస్తుంది, చల్లగాలి రాదు. మరి ఇంత అవస్థ దేనికి?

రంగుల చార్టు దొరికినా మీటరు చెప్పిందే నమ్మాలి. మోడల్ పేరు ఒకటే అయినా తయారైన ఏడాదిని బట్టి రంగులు మారొచ్చు. బ్రేక్ వైరు పెడల్ పైన స్విచ్ దగ్గర ఉంది: తొక్కితే 12, వదిలితే 0.

కలపడం: పూర్తయింది

ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. వైరు తెంపకుండా ఒకటి రెండు సెంటీమీటర్ల తొడుగు ఒలిచి, కిట్ వైరు చుట్టి, సోల్డర్ చేసి టేపు వేయాలి. నొక్కితే కరుచుకునే క్లిప్పులు సన్నని సిగ్నల్ వైర్లకైతే సరే గానీ, బ్లోయర్, ఇగ్నిషన్ లాంటి బరువైన లైన్లకి వద్దు. జాయింటు వదులైతే వేడెక్కి కరుగుతుంది. ఎర్త్ వైరు పెయింట్ గీకిన లోహానికే బిగించాలి. రిమోట్ నొక్కితే రిలేలు టకటకలాడి ఊరుకునే బండ్లలో మొదట అనుమానించాల్సింది ఈ ఎర్త్‌నే. ఫ్యూజులు అన్నిటికంటే చివర పెట్టాలి.

బానెట్ పిన్ నీళ్లు నిలవని చోట బిగించాలి. బానెట్ తెరిస్తే అది ఎర్త్‌కి తగిలి స్టార్ట్‌ని ఆపేస్తుంది. బెల్టు దగ్గర చెయ్యి ఉండగా ఎవరో రిమోట్ నొక్కినా ప్రమాదం ఉండదు. పని తొందరలో చాలామంది వదిలేసేదీ ఇదే.

బైపాస్, టాకో: నడుస్తోంది

బైపాస్‌లో ఒక రకం చిప్ ఉన్న అదనపు తాళాన్ని పెట్టెలో దాచేది. సులువే, కానీ పనిచేసే చిప్ బండిలోనే ఉండిపోతుంది. దొంగకి సగం పని మనమే చేసిపెట్టినట్టు. అందుకే డేటా లైన్‌కి కలిపే రకం ఎంచుకోవడం మేలు. ఇంజన్ అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయి, డాష్‌బోర్డులో తాళం గుర్తు మెరుస్తుంటే బైపాస్ ఇంకా కుదరనట్టే.

టాకో వైరు (ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో మాడ్యూల్‌కి చెప్పేది) ఇగ్నిషన్ కాయిల్ లేదా ఇంజెక్టర్ దగ్గర తీసుకోవచ్చు. మీటరు ఏసీ వోల్టుల స్కేలు మీద ఐడిల్‌లో సుమారు 1 నుంచి 6 వోల్టులు చూపి, యాక్సిలరేటర్ తొక్కితే పెరగాలి. ఈ సిగ్నల్‌ని మాడ్యూల్‌కి నేర్పకుండా వోల్టేజ్ అంచనా మీద వదిలేస్తే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ముందే వదిలేస్తుంది, లేదంటే ఇంజన్ అందుకున్నాక కూడా తిప్పుతూ గరగరమంటుంది.

మిగిలిన పరీక్షలు

రిమోట్‌తో నడుస్తుండగా బ్రేక్ తొక్కితే ఆగాలి, బానెట్ తెరిచినా ఆగాలి. తర్వాత ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో పెట్టి, లివర్ డీలోకి మార్చి, బ్రేక్ పెడల్ వదిలి రిమోట్ నొక్కాలి. సెల్ఫ్ తిరగకూడదు. తిరిగితే వెంటనే బ్రేక్ తొక్కి, స్టార్టర్ వైరు న్యూట్రల్ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వనిది) దాటాక కలిపారేమో చూడాలి. నడిచే సమయం 10 నిమిషాలకి సెట్ చేయాలి. మూసిన గ్యారేజీలో మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియదు. యాంటెనాని ముందు అద్దం పైభాగాన, లోహపు పూత ఉన్న ఫిల్మ్‌కి దూరంగా అంటించి రేంజ్ చూశాకే ప్యానెల్ మూయాలి.