దసరా నుంచి సంక్రాంతి దాకా మా పెరటి తోట: నా అనుభవం

మా కోనసీమలో పెరటి తోటకి అసలు సీజను వానలు వెళ్ళాక వస్తుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది, భాద్రపదం దాకా నేలంతా చిత్తడే. ఆశ్వయుజం వచ్చి పొద్దున్నే చల్లగాలి తగులుతుంటే అప్పుడు పార పట్టాలనిపిస్తుంది. అత్తయ్యకి తోడుగా ఉందామని మేము హైదరాబాదు నుంచి ఊరికి వచ్చేసింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే. ఇంటి వెనక పది సెంట్ల పెరడు. అందులో కొబ్బరి చెట్లు, ఒక ఉసిరి, గోడ వారన గోరింట, కంద పాదులు. మిగతాదంతా గడ్డీ తుంగా. అక్కడ మా ఇంటికి సరిపడా కూరగాయలు పండించాలని నా కోరిక. దసరా నుంచి సంక్రాంతి దాకా ఏం చేశానో, మన డెల్టా నేలలో ఏది పనికొచ్చిందో రాస్తున్నాను. వీడియోల్లో చూపించేవి ఎక్కువగా ఎర్రమట్టి తోటలు, మేడమీద కుండీలు. మన బంకమట్టికి ఆ లెక్కలు కుదరవు.

విత్తనం గురించి ఆలోచించే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలి. ఇక్కడ అందరం కాలువ నీళ్ళ గురించే మాట్లాడతాం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేలకి నీళ్ళు వచ్చాయి, పంట వచ్చింది. కానీ వచ్చిన నీళ్ళు బయటికి పోవడం కూడా అంతే ముఖ్యం. పొలానికి మురుగు కోడు ఎలాగో పెరడుకీ ఒక దారి కావాలి. మా పెరడు వీధి వైపు మెరక, వెనక వైపు పల్లం. వాన పడ్డాక గొడుగు వేసుకుని వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి అక్కడక్కడా పుల్లలు గుచ్చి పెట్టాను. ఆ గుర్తుల వెంబడే మావారు, ఇంకొక మనిషి కలిసి వెనక గోడ దాకా మోకాలి లోతు బోదె తవ్వారు. ఆ బోదె ఊరి మురుగు కాలువలో కలిశాక మర్నాటికి తుంగ మొదళ్ళ దగ్గర నీళ్ళు లేవు. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. మొక్క వేర్లకి గాలి ఆడాలి, నీళ్ళు నిలిస్తే అవి కుళ్ళిపోతాయి. ఎరువులు, మందులు అన్నీ దీని తర్వాతే.

బోదె తవ్వాక వెంటనే మళ్ళు కట్టేద్దామని నా తొందర. అత్తయ్య ఒప్పుకోలేదు. “ఇప్పుడు పార దించావంటే రేపు గునపం కావాలే అమ్మాయ్” అన్నారు. తడిమీద తవ్విన రేగడి ఎండాక ఇటుక ముక్కలా బిగుసుకుపోతుంది, ఇక దాన్ని పొడి చెయ్యడం ఎవరివల్లా కాదు. ఎన్నాళ్ళు ఆగాలో ఆవిడే చూపించారు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి, నడుము ఎత్తు నుంచి కింద పడేశారు. ముద్ద ముద్దగానే ఉండిపోయింది. అంటే ఇంకా పదును రాలేదు. రోజూ పొద్దున్న కాఫీ తాగాక నేను అదే పని. ఒకరోజు ముద్ద నేల తాకగానే పొడిపొడిగా విడిపోయింది. ఆ రోజే పార పట్టాం. అట్లతద్దికి గోరింటాకు కోయడానికి వచ్చిన పక్కింటి పిల్లలు కూడా మట్టి ముద్దలు చేసి పడేసి చూశారు.

మళ్ళు నేలకి ముప్పావు అడుగు ఎత్తున, మూడడుగుల వెడల్పున కట్టాం. అంత వెడల్పైతే రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది, మడి తొక్కక్కర్లేదు. మట్టి గుల్లబారడానికి బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి, కొబ్బరి పొట్టు కలిపాం. మన వైపు పీచు మిల్లులు ఉన్నాయి కాబట్టి పొట్టు సులువుగా దొరుకుతుంది. అయితే పచ్చి పొట్టు తెచ్చి వేయకూడదు. అందులో ఉప్పదనం, వగరు ఎక్కువ. రెండు మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి, ఎర్రనీళ్ళు దిగడం తగ్గాక వాడాలి. కొబ్బరి మొదలుకి ఆరడుగుల లోపల మడి కట్టలేదు. చెట్టు చురుకైన వేళ్ళు ఎక్కువగా ఆ దూరంలోనే ఉంటాయి, తవ్వితే చెట్టుకి దెబ్బ, పైగా కూరమొక్కకి తిండి మిగలదు. ఎలాగూ కొబ్బరికి రెండో దఫా ఎరువు వేసేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి ఆ పాదులు కూడా అప్పుడే చేయించేశాం.

ఎండ సంగతి కూడా ముందే చూసుకోవాలి. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కాబట్టి వేసవిలో ఎండ కాసే ఇంటి ఉత్తరపు పక్క కార్తీకానికల్లా నీడలో పడుతుంది. అక్కడ టమాటా, వంగ వేస్తే ఆకు తప్ప కాయ రాదు. ఆ జాగాలో తోటకూర, పాలకూర, బచ్చలి వేశాను. ఎండ తగిలే దక్షిణపు పక్కంతా కాయగూరలకి ఇచ్చాను.

నారు కోసం నర్సరీలకి పేరున్న కడియపులంక వెళ్ళాం. రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కి దిగితే ఇంకెంతో దూరం లేదు. ఆ నర్సరీల మధ్య నడుస్తుంటే అసలు వచ్చిన పని మర్చిపోతాం. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా చామంతి మొగ్గలే. వంగ, టమాటా, మిరప నారు ట్రేలలో పెంచింది తీసుకున్నాను. వేళ్ళతో పాటు మట్టి గడ్డ కూడా వస్తుంది కాబట్టి నాటాక వాడిపోవు. ఒక్క మాట, మొగ్గ తొడిగిన కూరనారు చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ తీసుకోవద్దు. ఆకు కింద తిప్పి తెల్లదోమ ఉందేమో చూసి, పొట్టిగా కాండం లావుగా ఉన్నది ఏరుకోవాలి. సాయంత్రం ఎండ తగ్గాకే నాటాను.

విత్తనం వేసే వాటిలో కొత్తిమీరకి ఇదే మంచి కాలం, వేడి ఎక్కువైతే ఆకు రాకుండానే పూతకొచ్చేస్తుంది. ధనియాలు చెప్పుకింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. మొలక ఆలస్యం, ఓపిక పట్టాలి. ముల్లంగి, మెంతి అలా కాదు, చల్లిన వారంలోపే కనిపించాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వేశాం, తిన్నాం.

దీపావళి వెళ్ళీ వెళ్ళకుండానే వాయుగుండం కబురు వచ్చింది. మనకి అక్టోబరు, నవంబరు అంటే ఈ టెన్షన్ తప్పదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అప్పుడు కోనసీమలో కొబ్బరి తోటలు వరసలకి వరసలు పడిపోయాయి. కొబ్బరి దింపు తీసే ఆయన కబురు పెట్టకుండానే వచ్చి, “అమ్మగారూ, ముందు ఎండు మట్టలూ ముదురు గెలలూ దించేస్తానండి. గాలొస్తే అవే వచ్చి మీ పాదుల మీద పడతాయండి” అన్నారు. ఆయన చెట్టు మీద ఉండగానే మేము కింద పనులు చేశాం. కుండీలన్నీ గోడ వారకి చేర్చి పడుకోబెట్టాం. వంగ మొక్కలకి సరుగుడు పుల్లలు పాతి కొబ్బరి తాడుతో వదులుగా కట్టాం. బోదెలో పేరుకున్న ఆకులు తీసేశాం. నాలుగు కాసిన బీరకాయలు లేతవైనా కోసేశాం.

గాలి మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, వాన మాత్రం వదల్లేదు. తెల్లారి చూస్తే బోదె నిండుగా పారుతోంది, మళ్ళు మాత్రం నీళ్ళ పైనే ఉన్నాయి. ఆ ముప్పావు అడుగు విలువ అప్పుడు తెలిసింది. వాన వెలిశాక మూడు పనులు చేశాం. మొదళ్ళ దగ్గర కొట్టుకుపోయిన మట్టి ఎగదోశాం, ఒరిగిన మొక్కల్ని నిలబెట్టాం, పైన అట్టకట్టిన మట్టిని చిన్న పారతో పైపైన కదిపాం. టమాటా నారు కొంచెం మెత్తబడి మొదలు దగ్గర నీరుకారుతున్నట్టు కనిపిస్తే, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు కలిపి మొదళ్ళలో పోశాం. ట్రైకోడెర్మా వేసిన మడిలో మాత్రం ఇది పోయకూడదు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, కాకపోతే తెగుళ్ళని అణిచే మంచిది, మందు దాన్నీ చంపేస్తుంది. తుఫాను తర్వాత యూరియా చల్లమని చాలామంది చెప్తారు. తడి ఆరకుండా అది వేయడం నాకు ఇష్టం లేదు. వేళ్ళు కోలుకున్నాక ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన జీవామృతం పోశాను, అది చాలింది.

ఇక చిక్కుడు. దీని గురించి తీరిగ్గా చెప్పాలి. పందిరి చిక్కుడు విత్తనం అత్తయ్య ఆషాఢంలోనే గోడ మూల పెట్టారు. నేను వచ్చేసరికి తీగ పందిరంతా అల్లుకుని ఉంది, ఒక్క పువ్వు లేదు. ఎరువు తక్కువైందేమో అని నేను అంటే ఆవిడ నవ్వి, “పొద్దు తగ్గనీ అమ్మాయ్” అన్నారు. నిజంగానే మన పాత పందిరి చిక్కుడు పగటి పొద్దు కుంచించుకుంటేనే పూస్తుంది. ఆషాఢంలో వేసినా భాద్రపదంలో వేసినా పూత మాత్రం చలి మొదలయ్యే రోజుల్లోనే. చామంతి కూడా అంతే. అందుకే వీధిలైటు వెలుగు రాత్రంతా పడే చోట ఈ రెండూ పెట్టకపోవడం మంచిది.

కార్తీకంలో పూత వచ్చింది, దాని వెంటే పేనుబంక వచ్చింది. లేత గెల పట్టుకుని దగ్గరగా చూస్తే మొగ్గల సందుల్లో నల్లగా, మెత్తగా, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని ఉంటాయి. వాటి మధ్యలో చీమలు తిరుగుతుంటాయి. ఆ తియ్యటి జిగురు కోసం చీమలే వాటిని కాపాడతాయి. వేలితో ఒత్తితే వేలంతా జిగురు. ఎక్కువ పట్టిన గెలలు తుంచి సబ్బు నీళ్ళ బకెట్లో పడేశాను. మిగతా వాటికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేశాను. పొద్దున్న తేనెటీగలు తిరిగే వేళ మాత్రం కొట్టవద్దు. పందిరి గుంజలకి చుట్టూ బూడిద వేసి చీమల దారి ఆపాను. కొన్నాళ్ళకి అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని అవే చూసుకున్నాయి. అవి కనిపించాక నేను మందు ముట్టుకోలేదు.

కొబ్బరి చెట్ల కింద ఉన్న తోటకూర ఆకుల మీద నల్లటి మసి పేరుకుంటుంటే మొదట ఏమిటో అర్థం కాలేదు. పైన మట్టల అడుగున సర్పిలాకార తెల్లదోమ చేరి జిగురు రాలుస్తోంది, దాని మీద ఆ మసి. 2016 నుంచీ మన కొబ్బరికి ఇది తగులుకుంది. గట్టి పురుగుమందు కొడితే దీన్ని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కూడా చచ్చిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు చెప్పేది మిత్రపురుగులని కాపాడుకోమనే. మేము అందినంత వరకు నీళ్ళు జోరుగా కొట్టి మట్టలు కడిగాం, ఆకుకూర మడిని అక్కడి నుంచి జరిపాం.

క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన పెట్టడానికి ఉసిరి కొమ్మ మా పెరట్లోదే కోసుకున్నాం. ఆ సరికి కంద ఆకు పసుపుపచ్చగా మారి వాలిపోయింది. పోలాల అమావాస్యకి పసుపు పూసి పూజ చేసిన కంద మొక్క అది, ఇప్పుడు తవ్వే వేళ. మొదలు పక్కనే గునపం వేస్తే గడ్డ కోసుకుపోతుంది. అడుగు దూరం నుంచి చుట్టూ మట్టి వదులు చేసుకుంటూ రావాలి. చివరికి చేతులతో మట్టి తోడితే గరుకుగా, గుండ్రంగా, వేళ్ళ పీచులతో కంద తగిలింది. పక్కనే చిన్న చిన్న పిలకలు. కడిగేటప్పుడు, కోసేటప్పుడు చేతులకి నూనె రాసుకుంటే దురద ఉండదు. దాన్ని చింతపండు పులుసులో ఉడికించి, పెరటి బచ్చలితో అత్తయ్య కంద బచ్చలి చేశారు. ఆవపెట్టిన ఆ కూర తింటుంటే బోదె తవ్వినప్పటి నడుము నొప్పి గుర్తుకు రాలేదు.

సంక్రాంతి నెలలో చిక్కుడు ఎంత కాసిందంటే కోసినకొద్దీ కొత్త గెల వేసింది. పక్కింటి పిన్నిగారికి ఇస్తే ఆవిడ తిరిగి బొప్పాయి కాయలు పంపారు. ముగ్గులో గొబ్బెమ్మలకి బంతిపూలు పెరట్లోవే. చిక్కుడులో బాగా నిండుగా, పొడుగ్గా ఉన్న గెలలకి ఎర్రదారం కట్టి విత్తనానికి వదిలేశాను, ఇంట్లో ఎవరూ కోయకుండా. అవి తీగ మీదే ఎండాలి. ఆ తర్వాత బద్దలు విప్పి, పుచ్చులు ఏరేసి, బూడిద కలిపి సీసాలో పోసి పెట్టాలి. కంద పిలకలు నీడలో ఆరబెట్టాం. వేసవి మొదట్లో నాటడానికి గోడ వారన గోతులు తీయాలి, ఈలోగా బోదె అడుగున పేరుకున్న ఒండ్రు ఎత్తి మళ్ళకి వేయిస్తున్నాం.