విడిభాగాలతో రికర్వ్ విల్లు: ఖర్చు, కొలతలు, ఇప్పటిదాకా జరిగిన పని

విజయవాడలో ఆర్చరీ నేర్చుకునేవాళ్లకు ఆదర్శాలకు కొదవ లేదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్ ఈ ఊరివాళ్లే. అయితే మొదటి విల్లు కొనబోయే మామూలు మనిషికి నికరమైన లెక్క చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. క్లబ్బు విల్లుతో కొన్నాళ్లు సాధన చేశాక, సొంతంగా ఒకటి సమకూర్చుకుంటూ నేను రాసుకున్న ఖర్చులూ కొలతలూ ఇవి. కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లు సంగతి వేరు. ఇదంతా చివరలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లు గురించే.

జూన్: సెట్టా, విడిభాగాలా

దుకాణంలో దొరికే పూర్తి సెట్టు నాకు సుమారు 13 వేల రూపాయలకు వచ్చేది. చెక్క రైజర్, అంటే మధ్యలో పట్టుకునే భాగం. మరలతో బిగించే రెండు లింబులు, అంటే లాగినప్పుడు వంగే పై, కింది చేతులు. నారి, బాణం ఆనేందుకు అతికించే రెస్ట్, గురి చూసే ప్లాస్టిక్ సైట్, ఆర్మ్ గార్డ్, ఫింగర్ ట్యాబ్, కొన్ని బాణాలు. పెట్టె విప్పిన రోజే మైదానానికి వెళ్లవచ్చు. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియని పదేళ్ల పిల్లవాడికైతే సెట్టే సరైనది; క్లబ్బు విల్లు దొరికితే అదీ అక్కర్లేదు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే విభాగమే ఉంది. వెదురు, చెక్క విల్లుతో, సైట్ లేకుండా 30, 50 మీటర్ల దూరాలకు వేస్తారు. ఎంతోమంది పిల్లలు అక్కడి నుంచే మొదలుపెడతారు.

నా అవసరం వేరు. చేతిలో బలం పెరిగేకొద్దీ లింబులు మార్చుకోవాలి. విల్లును లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెబుతారు. 24 పౌండ్లతో మొదలుపెట్టి 28, ఆపైన 32, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కాలి. చెక్క సెట్టుకు చాలావరకు అదే తయారీదారు, అదే నమూనా లింబులే సరిపోతాయి. ఐఎల్ఎఫ్ (ఇంటర్నేషనల్ లింబ్ ఫిట్టింగ్) అమరిక ఉన్న రైజర్‌కైతే ఏ కంపెనీ ఐఎల్ఎఫ్ లింబులైనా టక్కున కూర్చుంటాయి. అమెరికాలోని హాయ్ట్ సంస్థ తెచ్చిన అమరిక తర్వాత అందరూ పాటించే ప్రమాణమైంది. ఇక్కడొక హెచ్చరిక: అదే హాయ్ట్ తర్వాత తెచ్చిన ఫార్ములా అమరిక వేరు. ఫార్ములా లింబులు ఐఎల్ఎఫ్ రైజర్‌లో కూర్చోవు. పాత సామాను చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ముందు దీన్ని అడిగి తెలుసుకోవాలి.

అందుకే విడిభాగాల వైపు మొగ్గాను. 25 అంగుళాల అల్యూమినియం రైజర్ సుమారు 13,500. చెక్క, ఫైబర్‌గ్లాస్ లింబులు 24 పౌండ్లవి 7,000. ఈ రెండే 20,500. కొసరు ఖర్చూ తక్కువేమీ కాదని ఇక్కడి నుంచి తెలిసింది. సైట్ 3,500, ముందుకు పొడుచుకొని ఉండే స్టెబిలైజర్ కడ్డీ 3,000, బాణానికి పక్క నుంచి ఆనే స్ప్రింగు మర ప్లంజర్ 1,800, ట్యాబ్ 1,200, నారి 900. ఆర్మ్ గార్డ్, నారి ఎక్కించే స్ట్రింగర్, నారి దూరం కొలిచే బో స్క్వేర్, రెస్ట్ కలిపి 1,650. ఎనిమిది బాణాలు 3,600. మొత్తం 36,150. రైజర్, లింబుల ధర మాత్రమే చూసి బయల్దేరితే బిల్లు తడిసి మోపెడవుతుంది.

అయినా విడిభాగాలే మేలని నా అభిప్రాయం. సెట్టు కొన్నవాడు ఏడాది తిరిగేసరికి ఎలాగూ రైజర్, లింబులు, సైట్ కొంటాడు. అప్పుడు ఆ 13 వేలలో మిగిలేది ఆర్మ్ గార్డూ ఫింగర్ ట్యాబూ. పైగా చిన్న పౌండ్ల ఐఎల్ఎఫ్ లింబులకు క్లబ్బులో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు సగం ధరకైనా తీసుకుంటారు.

డబ్బు తక్కువగా ఉంటే దేనిమీద తగ్గించాలి? లింబుల మీద. అవి ఎలాగూ మారతాయి. స్టెబిలైజర్‌ను వాయిదా వేయవచ్చు. రైజర్ మీద, ట్యాబ్ మీద మాత్రం పిసినారితనం పనికిరాదు. వేళ్లకూ నారికీ మధ్య ఉండేది ఆ చిన్న తోలు ముక్కే. అది సరిగా లేకపోతే బాణం వదిలే తీరే పాడవుతుంది.

జూలై: కొలతలు, బిగింపు

కొనేముందే తీయాల్సిన కొలత లాగుడు పొడవు. క్లబ్బు విల్లును పూర్తిగా లాగి పట్టుకుంటే, నారిలో ఇరికే నాక్ (బాణం తోక చివర) గాడి నుంచి ప్లంజర్ రంధ్రం దాకా నాకు 26.75 అంగుళాలు వచ్చింది. పద్ధతి ప్రకారం దానికి 1.75 కలిపితే 28.5. ఈ పొడవుకు 68 అంగుళాల విల్లు చక్కగా సరిపోతుంది. 25 అంగుళాల రైజర్‌కు మీడియం లింబులు వేస్తే 68, లాంగ్ వేస్తే 70, షార్ట్ వేస్తే 66.

లింబు మీద రాసి ఉన్న 24 పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు చెప్పేది. ఎంత ఎక్కువ లాగితే వేళ్ల మీద అంత బరువు పెరుగుతుంది. సూట్‌కేసులు తూచే డిజిటల్ కొక్కెం త్రాసును నారికి తగిలించి, బాణం మీద నా పొడవు దగ్గర గుర్తు పెట్టి, అక్కడిదాకా లాగి చూశాను: 11.5 కిలోలు, అంటే సుమారు 25.4 పౌండ్లు. ప్రత్యేక పరికరం అక్కర్లేదు, ఈ త్రాసు చాలు.

తర్వాతది లింబుల వరుస. రెండు లింబుల మీదా రైజర్‌కు దగ్గరగా కాగితపు టేపు అంటించి, వెడల్పు కొలిచి, నట్టనడుమ పెన్సిలు గీత పెట్టాను. విల్లును కుర్చీ మీద ఆనించి, వెనుక నుంచి ఒక కన్ను మూసి చూస్తే నారి పై గీతనూ కింది గీతనూ ఒకేసారి కోసుకుంటూ పోవాలి. నా విల్లులో కింది గీతకు నారి వెంట్రుకవాసి కుడిగా వచ్చింది. రైజర్‌తో వచ్చిన పలుచని వాషర్లలో ఒకదాన్ని ఇటు నుంచి అటు మార్చితే వరుస కుదిరింది. చెక్క సెట్లలో సాధారణంగా ఈ సర్దుబాటే ఉండదు.

టిల్లర్ అంటే లింబు మొదలు నుంచి నారికి ఉన్న దూరాల తేడా. పైలింబు దగ్గర దూరం కిందిదానికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా బోల్టులు సర్దాను. రెండు బోల్టులనూ సమంగా తిప్పితే టిల్లర్ మారకుండా బరువు మాత్రమే మారుతుంది. ఈ పద్ధతిలో సుమారు పది శాతం దాకా ఆట ఉంది. బోల్టును మరీ వదులుగా మాత్రం తిప్పకూడదు. మరచుట్లు చాలకపోతే లింబు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. ఎంతవరకు తిప్పవచ్చో రైజర్ కాగితంలో ఉంటుంది, చదవాలి.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పని నారిని సర్దడం. నారిని మెలిపెడితే పొట్టిదవుతుంది, దాంతో రైజర్‌కూ నారికీ మధ్య దూరం పెరుగుతుంది. 21.5 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టాను. బాణం వదిలినప్పుడు పెద్ద చప్పుడు, ఎడమ అరచేతిలో కంపనం. నారి దింపి నాలుగు మెలికలు వేసి, ఎక్కించి, కొన్ని బాణాలు వేసి, మళ్లీ దింపి మరో నాలుగు. 22.4 దగ్గర ఆ చప్పుడు మెత్తబడింది. కంపనం దాదాపు పోయింది. 22.8కి మళ్లీ గట్టిపడింది. 22.4 అని నోటు పుస్తకంలో రాశాను. కొత్త నారి మొదట్లో సాగుతుంది కాబట్టి ప్రతిసారీ బో స్క్వేర్ పెట్టి చూసి, తగ్గితే ఒకటి రెండు మెలికలు కలుపుతున్నాను. నాక్ పెట్టే చోటును స్క్వేర్ గీతకు 8 మిల్లీమీటర్లు పైన గట్టి దారంతో కట్టాను. ఇత్తడి రింగుల కంటే దారం తేలిక, జరపడమూ సులువు.

ఆగస్టు: బాణాలు

సెట్టులో వచ్చే బాణాలు ఎవరి చేతికైనా సరిపోవాలని పొడవుగా, చాలాసార్లు మరీ బిరుసుగా ఉంటాయి. బాణం బిరుసును స్పైన్ అంటారు: 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద కాడను పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు వంగుతుందో ఆ సంఖ్య. 1000 అంటే పూర్తిగా ఒక అంగుళం. సంఖ్య పెరిగేకొద్దీ కాడ మెత్తన. నేను 900 స్పైన్ కార్బన్ బాణాలను 30 అంగుళాల పొడవుతో తీసుకున్నాను. కొంచెం బిరుసే. బరువు పెంచుకునే ఆలోచన ఉంది కాబట్టి కావాలనే అలా తీసుకున్నాను.

రెండు బాణాలకు ఈకలు పీకేసి, మిగతావాటితో కలిపి 18 మీటర్ల నుంచి వేశాను. ఈకలున్నవి ఒకచోట గుంపుగా పడ్డాయి. ఈకలు లేనివి వాటికి ఎడమవైపు, సుమారు జానెడు దూరంలో. కుడిచేతివాటం వాళ్లకు ఎడమవైపు పడితే బాణం బిరుసని అర్థం. రెండు బోల్టులనూ ఒక్కో చుట్టు లోపలికి తిప్పి బరువు పెంచాను, ప్లంజర్ స్ప్రింగు కాస్త వదులు చేశాను. దూరం నాలుగు వేళ్లకు తగ్గింది. ఈ దశలో అంతకంటే వెంటపడటం వృథా. నా చేతి నిలకడలో తేడాయే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

మన ఊళ్లకు సంబంధించి రెండు మాటలు. మధ్యాహ్నపు ఎండలో మూసిన కారులో లింబులు వదలకూడదు. పొరలు అతికించిన జిగురు వేడికి దెబ్బతింటుంది. డాబా మీద సాధన అసలే వద్దు. గురి తప్పిన బాణం ఎంత దూరం పోతుందో ఎవరూ చెప్పలేరు. వెనుక అడ్డు ఉన్న మైదానం, బాణాలు వేసే గీత నియమాన్ని పాటించే క్లబ్బు తప్పనిసరి. బాణం లేకుండా లాగి వదలడం లింబులకూ చేతికీ ప్రమాదం. ఇంటికొచ్చిన బంధువుల చేతికి విల్లు ఇచ్చేముందు మొదట చెప్పాల్సిన మాట ఇదే.

తర్వాత

ఒలింపిక్ దూరం 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల గురి, అందులో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే. ఇప్పటి బరువుతో 70 మీటర్ల దూరం నాకు అందదు. 30 మీటర్లు హాయిగా అందుతోంది. ఒక సాధనలో వంద బాణాలు భుజం వణకకుండా వేయగలిగినప్పుడు 28 పౌండ్ల లింబులు తీసుకుంటాను. పాతవాటిని అడిగి పెట్టుకున్న కుర్రవాడు క్లబ్బులో ఇప్పటికే ఉన్నాడు. కొత్తవి రాగానే టిల్లర్, నారి దూరం, నాక్ చోటు మళ్లీ మొదటి నుంచి కొలవాలి. బరువును బట్టి స్పైన్ చూపే చార్టు ప్రకారం 900 స్పైన్ బాణాలు ఆ బరువుకు చక్కగా సరిపోతాయి, కాబట్టి ఈసారి ఖర్చు లింబులకు మాత్రమే.