మూడేళ్లూ పరీక్షే: తిరుపతిలో నా ఎం.డి.

తిరుపతిలో ఎం.డి. పీడియాట్రిక్స్‌లో, అంటే పిల్లల వైద్యంలో పీజీ కోర్సులో, చేరిన కొత్తలో సీనియర్లు మాకు చెప్పిన లెక్క ఒక్కటే. మూడో ఏడాది చివర నాలుగు థియరీ పేపర్లు, ఆ వెంటనే ప్రాక్టికల్స్. అక్కడ గట్టెక్కితే చాలు. అంతవరకు వార్డు డ్యూటీలు చేసుకుంటూ పోవడమే. నేను బయటికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోయింది.

2000 నాటి పీజీ వైద్య విద్య నిబంధనల స్థానంలో జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలను తెచ్చింది. అప్పటికి నేను కోర్సు మధ్యలో ఉన్నాను. థియరీలో, ప్రాక్టికల్స్‌లో విడివిడిగా 50 శాతం రావాలన్నది, థియరీ పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ ఇవ్వాలన్నది మాకు తెలిసినవే. కోర్సు పొడవునా మదింపు, పరిశోధన పద్ధతుల కోర్సు, వైద్య నీతి, గుండె ఆగిన రోగిని నిలబెట్టే శిక్షణ, వీటన్నిటికీ బరువు పెరిగింది. వీటికి తోడు 2021 బ్యాచ్ నుంచి అమలులో ఉన్న జిల్లా రెసిడెన్సీ ఉండనే ఉంది. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేసినట్టు ధ్రువపత్రం లేకపోతే పరీక్ష హాలులోకి అడుగుపెట్టనివ్వరు.

థీసిస్ కోసం పిల్లల వివరాలు సేకరిస్తున్న సమయంలో మూడు నెలలు తిరుపతి వదిలి వెళ్లమంటే మాలో చాలామందికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. నన్ను చిత్తూరు వేశారు. దూరం 70 కిలోమీటర్లే అయినా అది వేరే లోకం.

తిరుపతిలో మేము నవజాత శిశువులను అందుకునే వైపు ఉంటాం. అంబులెన్సు తలుపు తెరిచేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడి ఉంటే, రక్తంలో చక్కెర పడిపోయి ఉంటే, పంపినవాళ్ల మీద విసుక్కోవడం మాకు అలవాటు. చిత్తూరులో నేనే పంపే వైపు నిలబడ్డాను. అర్ధరాత్రి నెలలు నిండని బిడ్డ పుడితే ఉంచుకోవాలా, పంపాలా అన్నది వెంటనే తేల్చాలి. పంపాలంటే ముందు ఒళ్లు వెచ్చబడాలి, చక్కెర చూడాలి, ఊపిరి సరిగా అందుతోందో లేదో గమనించాలి, గుండెకు ఆనించి బిడ్డను ఎలా పట్టుకోవాలో నాయనమ్మకో అమ్మమ్మకో నేర్పాలి, అవతలి డాక్టరుకు ఫోను చేసి చెప్పాలి. బిడ్డ క్షేమంగా చేరిందని కబురు వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. పాఠ్యపుస్తకంలో ఇదంతా ఒక పేజీ. ఆ పేజీని నేను నిజంగా చదివింది చిత్తూరులోనే.

మదింపుల సంగతి ఇంత సంతోషంగా చెప్పలేను. మా గైడ్ మేడం ప్రతి మూడు నెలలకూ కూర్చోబెట్టి, మేము చూసిన కేసులు రాసుకునే లాగ్ బుక్కులోంచి ఏదో ఒక కేసు తీసి ప్రశ్నలు వేసేవారు. గుండె శబ్దాలు వినడంలో నేను వెనకబడ్డానని ఆమె రెండో ఏడాదిలోనే తేల్చి, వారం వారం గుండె జబ్బుల ఓపీకి పంపారు. వేరే చోట చేరిన నా స్నేహితురాలికి ఆ అదృష్టం లేదు. అక్కడ నెలల తరబడి పేజీలకు ఒకేసారి సంతకాలు పడ్డాయి. లోపం ఎక్కడుందో చెప్పి, దాన్ని దిద్దే మనిషి లేకపోతే ఎన్ని మదింపులు పెట్టినా కాగితం పెరగడమే తప్ప పిల్లలకు ఒరిగేది ఏమీ ఉండదు. ఇది నా గట్టి అభిప్రాయం.

థియరీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాశాను, చేయి నొప్పి పుట్టింది.

ప్రాక్టికల్స్‌లో నాకు లాంగ్ కేసుగా, అంటే పూర్తిగా పరీక్షించి వివరించాల్సిన రోగిగా, ఏడు నెలల పాప వచ్చింది. తల్లిది నగరి వైపు, ఇంట్లో తమిళం. చిత్తూరులో అలాంటి తల్లులతో మాట్లాడీ మాట్లాడీ పట్టుబడిన తమిళం ఆ రోజు అక్కరకొచ్చింది. పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతుందని, నుదురంతా చెమట పడుతుందని, జలుబు చేస్తే వెంటనే ఆయాసం వస్తుందని ఆమె చెప్పింది. బరువు పెరగలేదు. గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉందని చెప్పి, ఎందుకు అనుకుంటున్నానో వివరించాను. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్ శబ్దం గురించి నిలదీశారు. తడబడలేదు. ఆ తర్వాత నవజాత శిశువును మరో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఏం చేస్తావని అడిగారు. నేను పుస్తకం వరుసలో కాకుండా చిత్తూరులో చేసిన వరుసలో చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యలో ఆపలేదు.

పాసయ్యాను. ఇప్పుడు సీనియర్ రెసిడెంటుని. జిల్లా రెసిడెన్సీకి వెళ్లబోయే జూనియర్లకు రెండే మాటలు చెబుతున్నాను: థీసిస్ వివరాల సేకరణను వెళ్లకముందే సగానికి పైగా లాగండి, ధ్రువపత్రం మీద సంతకం, ముద్ర పడ్డాకే చిత్తూరులో బస్సు ఎక్కండి. వాళ్ల లాగ్ బుక్కు నా దగ్గరికి వస్తే, ఆ కేసును వాళ్ల నోటితో చెప్పించుకున్న తర్వాతే సంతకం పెడుతున్నాను. డ్యూటీ అయ్యాక ఇంకో గంట పడుతోంది, పట్టనీ.